రండి, బారన్ గారూ!

"ఆ బారన్ రాగానే హోదాతో గట్టిగా పిలువు, చాలు. మెడ పట్టుకోవడం నా పని" అన్నాడు క్రాక్స్‌లీ. విక్టోరియా రాణిగారి లండన్ నుంచి వియన్నాలో దిగిన డిటెక్టివ్ ఆయన. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్.

"చిత్తం, మంత్రి గారూ!" అన్నాడు కాఫీ హోటల్ హెడ్ వెయిటర్ అలోయిస్.

క్రాక్స్‌లీ మీసం దువ్వుకున్నాడు. తన విలువ తెలిసినవాడు ఈ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడు!

విదేశాంగ మంత్రికి విషం పెట్టింది ఆ బారన్. జైల్లో పడింది మాత్రం అలోయిస్ బావమరిది, కరపత్రాలు అచ్చువేసుకునే అమాయకుడు. బారన్ ఇవాళ సరిహద్దు దాటాడంటే బావమరిదికి ఉరే. వేలెత్తి చూపిద్దామంటే బారన్ జేబులో పిస్తోలుంటుంది. నోరారా పలకరిస్తే ఎవరికి అనుమానం?

"ఎలాగైనా పట్టుకోండి బాబూ! వాడికేమన్నా అయితే మా ఆవిడ నన్ను కాల్చుకు తింటుంది."

ఇంతలో తలుపు తెరుచుకుంది. చంకలో పుస్తకాలతో ఓ విద్యార్థి వచ్చాడు.

"రండి, డాక్టరు గారూ!"

వెనకే ఓ గడ్డపాయన.

"రండి, బారన్ గారూ!"

అంతే! క్రాక్స్‌లీ బల్ల మీంచి ఎగిరి దూకాడు. మీగడ కేకు ఇద్దరి మొహాలకీ అంటుకుంది.

"నేను పళ్ళ డాక్టర్నయ్యా మగడా!"

"మారువేషమా? ఆ పెట్టుడు గడ్డం పీకితే నీ బండారం బయటపడుతుంది!"

గడ్డం ఊడలేదు. ఆయన కెవ్వుమన్నాడు. అలోయిస్ ఏదో చెప్పబోయేంతలో మళ్ళీ తలుపు తెరుచుకుంది.

"రండి, కౌంట్ గారూ!" అలోయిస్ గొంతు చించుకున్నాడు.

క్రాక్స్‌లీ ఉలిక్కిపడి లేచాడు. కౌంటంటే బారన్‌కి పై మెట్టాయె! "క్షమించాలి కౌంట్ గారూ, ఇక్కడో హంతకుణ్ణి పట్టుకున్నాం. తమరీ రభసలో ఉండకూడదు" అంటూ ఆ వచ్చినాయన పెట్టె స్వయంగా మోసి, గుర్రబ్బండి ఎక్కించి, రైలు తప్పిపోకుండా తోలమని బండివాడికి పురమాయించాడు.

చేతులు దులుపుకుంటూ తిరిగొచ్చాడు. "ఇక మీ బావమరిది ఇంటికొచ్చినట్టే!"

అలోయిస్ నెత్తి బాదుకున్నాడు. "చేతులారా సాగనంపారు కదండీ! మా ఆవిడకి నా మొహం ఎలా చూపించను?"

"ఎవణ్ణయ్యా సాగనంపింది?"

"ఇన్‌స్పెక్టర్ని మంత్రన్నాను, విద్యార్థిని డాక్టరన్నాను, డాక్టర్ని బారనన్నాను. మరి అసలు బారన్‌ని పట్టుకుని ఉత్త బారన్ అంటే ఆయనకెంత చిన్నతనమండీ!"