ఇసుక మీద మంచు

వడగాలికి తలుపు మూసేశారు. అప్పటి నుంచి అంతోనికి ఊపిరాడటం లేదు.

గురజాల మిషను బడి పంతులు ఏసోబు అతన్ని వినుకొండ నుంచి పనిగట్టుకుని పిలిపించాడు. పనేమిటో కబురులో చెప్పలేదు. మంచం మీద కూచోబెట్టి, ఎదురుగా ఒక కుర్రాణ్ణి కూచోబెట్టి, అప్పుడు చెప్పాడు.

"ఈ అబ్బాయి కృపాదానం. మన సుందరిని అడుగుతున్నాడు. మిలిటరీలో ఉండి, జపాను ఓడిపోయాక అక్కడ ఏడాది చేశానంటాడు. నిజమో కాదో నువ్వు తేల్చాలిరా. మనలో జపాను చూసినోడివి నువ్వొక్కడివేగా."

వినుకొండ చుట్టుపట్ల అతన్ని జపాను అంతోని అనే పిలుస్తారు. యుద్ధం అయిపోయి మూడేళ్లవుతున్నా, చర్చిలో కోతల పండగ కూడికల్లో ఇంకా అతని చేత జపాను కబుర్లు చెప్పించుకుంటారు. ఆ దేశం ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగాననీ, జానెడు బీడు లేదనీ, అంతా పచ్చటి మాగాణేననీ చెప్పేవాడు. రాళ్లనేల దున్నుకునేవాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు.

ఏసోబు భయంలో న్యాయం ఉంది. నిరుడు కూతురికి వచ్చిన సంబంధమూ మిలిటరీయే. హవల్దారునన్నాడు. ప్రధానం కూడా అయ్యాక, పటాలం నుంచి పారిపోయి వచ్చినవాడని తేలింది. మళ్లీ అలాగే అయితే ఇక సుందరిని అడిగేవాడుండడు.

సుందరి మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తూ అంతోని కళ్లలోకి ఒక్కసారి చూసింది. ఆమెకి ఆ కుర్రాడు కావాలి. అది తెలుసుకోవడానికి జపాను దాకా వెళ్లక్కర్లేదు.

"ఏ ఊళ్లో ఉన్నావు?" అడిగాడు అంతోని.

"టొట్టోరి అన్నా. సముద్రం ఒడ్డునే. మిలిటరీ ఆస్పత్రిలో పని. ఆ ఊరు మునుపు భూకంపానికి పడిపోయిందంట. మేం పోయేసరికి మళ్లీ కట్టుకుంటున్నారు. పాత కోటకు రాతిగోడలే మిగిలినై."

"చెప్పు, చెప్పు."

"వెనకటికి ఒక కుందేలు సొరచేపల వీపుల మీద దూకుతా ఆ ఒడ్డుకొచ్చిందంట. దానికో గుడి. బేరిపళ్ల తోటలు చానా. చెట్టు మీద ఉండగానే కాయకు కాయకు కాగితం సంచి తొడుగుతారు."

ఏసోబు పకపకా నవ్వాడు. "మనమూ మిరపకాయలకు చొక్కాలు కుట్టిద్దాం."

కృపాదానం ముఖం కందిపోయింది. అయినా ఆగలేదు. "ఊరి పక్కనే ఇసక కొండలున్నై పంతులుగారూ. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు. చలికాలం ఆ ఇసక మీద మంచు పడేది. మోకాలిదాకా దిగబడేవాళ్లం."

ఏసోబు నవ్వు మానేశాడు. "ఇసక మీద మంచా? ఏంది అబ్బాయ్, మేం అంత ఎర్రోళ్లలాగా కనపడుతున్నామా?" అంతోని వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చెప్పిన జపానులో జానెడు బీడు లేదు గదరా. ఈ కొండలంత ఇసక ఎక్కడిది?"

అంతోని ఇరుకున పడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇసక లేదంటే పిల్ల బతుకు పోతుంది. ఉందంటే ఇన్నాళ్ల తన మాట పోతుంది. చూడలేదందామంటే, దేశమంతా తిరిగానని చెప్పిన మాట అడ్డం. నాలుగింటికొచ్చే బొగ్గుతో నడిచే బస్సు ముందే వస్తే బాగుండునని చెవులు రిక్కించాడు. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. వంటింటి గుమ్మం పక్కన సుందరి చీర అంచు కదలకుండా ఉంది.

"మాట్లాడవేందిరా?"

అంతోని మజ్జిగ గటగటా తాగేశాడు.

"ఉంది మామా. ఆ ఇసక ఉంది. జనం నమ్మరని నేనే చెప్పలా." గొంతు సవరించుకున్నాడు. "అబద్ధమాడేవోడు మనం నమ్మేట్టు ఆడతాడు. నమ్మరాని సంగతి చెప్పి ఇట్టా తిట్లు తింటున్నాడంటే, ఈ అబ్బాయి అక్కడ ఉండొచ్చినోడే."

ఏసోబు మీసం దువ్వుకున్నాడు.

"జపాను అంతోని మాట కంటే సాక్ష్యం ఇంకేం కావాలి? వచ్చే ఆదివారం ప్రధానం పెట్టుకుందాం."

వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది.

కృపాదానం బస్సు దాకా అంతోని సంచి మోసుకొచ్చాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మా ఊళ్లో కూడా ఒక్కరూ నమ్మలా అన్నా. చూసినోళ్లకే తెలుస్తది. ఆ ఇసక కొండెక్కితే అవతల సముద్రం ఎట్టా ఉండేదో గుర్తుందా?"

"ఎట్టా మర్చిపోతాను?" అంటూ అంతోని గబగబా బస్సెక్కేశాడు.

యుద్ధం జరిగినన్నాళ్లూ గుంతకల్లు స్టేషన్లో మిలిటరీ రైళ్లకు టీ అందించిన అంతోని, జపాను సంగతి దేవుడెరుగు, అసలు సముద్రాన్నే ఇంతవరకు చూడలేదు.