ఆరున్నర పూజ

"ఇంక మాట్లాడకు మార్లిస్. అమ్మ చోటు నీదే," అంది డెలోరిస్, బన్నుల పళ్ళెం మరదలి ముందుకు తోస్తూ.

చర్చి కింద హాల్లో నూటపాతిక మంది భోంచేస్తున్నారు. డెలోరిస్ తల్లి, మార్లిస్ అత్తగారు ఫిలొమీనా ముసలమ్మను అప్పుడే మట్టిలో పెట్టి వచ్చారు. తొంభై ఏడేళ్ళ బతుకు, ఎనిమిదిమంది పిల్లలు. పోయిన వారం దాకా ఒక్క రోజైనా చర్చిలో పొద్దున ఆరున్నర పూజ తప్పని మనిషి.

"రేపట్నుంచి పూజకు ముందు జపమాల నువ్వే చెప్పించాలి. ముందు వరుసలో, అమ్మ కూర్చున్న చోటే. భోజనాలయ్యాక ఫాదర్ అందరి ముందూ చెప్పేస్తారు," అంది డెలోరిస్.

మార్లిస్ బన్నుల పళ్ళెం వెనక్కి తోసింది. ఒకసారి ఫాదర్ నోట వచ్చిందంటే మళ్ళీ ఆ ముందు వరుస బల్ల మీంచి లేపేది శవపేటికలోకే.

"వద్దు వదినా. నాకంత యోగ్యత లేదు."

"ఒకటి!" అని నవ్వాడు మార్లిస్ మొగుడు ఆల్విన్, నోటినిండా సలాడ్‌తో.

మా మిన్నెసోటా పల్లెల్లో పద్ధతి అది. ఎవరైనా కేకు ముక్క ఇస్తే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి పుచ్చుకోవాలి. మొదటిసారే చేయి చాపితే తిండిపోతు. మూడోసారీ వద్దంటే పొగరుబోతు. అందుకని మొదటి రెండు 'వద్దు'లనూ ఇక్కడ ఎవరూ చెవిన పెట్టరు.

అసలు ఈ పూజల గోల మొదలైంది కూడా అలాగే. ముప్పై ఒక్కేళ్ళ కిందట మామగారు పోయారు. అత్తగారు వంటింట్లో గోడకేసి చూస్తూ కూర్చుండిపోయేది. చూడలేక మార్లిస్ అడిగింది.

"అత్తయ్యా, రేపు పొద్దున పూజకు తీసుకెళ్ళనా?"

"ఎందుకమ్మా, నీకు శ్రమ."

"శ్రమేముంది, కారేగా."

"వద్దులే, నిద్ర చెడుతుంది."

"పర్లేదత్తయ్యా, రండి."

మూడోసారికి ముసలమ్మ, "సరే, నీ ఇష్టం," అంది.

అంతే, రోజూ తొమ్మిది మైళ్ళు. మార్లిస్ అయిదింటికే లేచి, మంచు గీకి, కారు వేడెక్కడానికి స్టార్ట్ చేసి వచ్చేది. వచ్చేసరికి ముసలమ్మ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, ఒళ్ళో సంచీతో తలుపు దగ్గర కుర్చీలో సిద్ధం. ఎముకలు కొరికే చలిలోనూ అంతే. ఈవిడకు జలుబైనా చేయదేమిటి దేవుడా అనుకునేది మార్లిస్. అనుకున్నందుకు వెంటనే లెంపలేసుకునేది.

ఒకసారి కారు జారి మంచుగుంటలో పడింది. ట్రాక్టరు వచ్చి లాగాక ముసలమ్మ అడిగింది.

"ఇవాళ్టికి ఇంటికి పోదామా?"

పాపం, నా కోసం అంటోంది అనుకుంది మార్లిస్. "లేదత్తయ్యా, ప్రసాదం వేళకు అందుకుంటాం."

ముసలమ్మ నిట్టూర్చి, "పోనీయ్," అంది.

ఇప్పుడు మార్లిస్‌కి అరవై రెండు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆమెకు కావలసింది ఒక్కటే, ఏడింటిదాకా నిద్ర.

"నిజంగా వద్దు వదినా," అంది మళ్ళీ.

"రెండు!" అంది డెలోరిస్, ముచ్చటగా ఆమె భుజం తట్టి. "మూడోసారి అడుగుతున్నా. అమ్మ మీద భక్తి ఉంటే కాదనకు."

పక్క బల్లలవాళ్ళు కూడా తినడం ఆపి చూస్తున్నారు. "ఆ అత్తకు ఈ కోడలే తగును," అన్నారెవరో. మార్లిస్ తల దానంతటదే ఊగింది. కాఫీ తెస్తానని చెప్పి వంటగదిలోకి పారిపోయింది.

వెనకాలే ఫాదర్ రోహ్లింగ్ వచ్చారు, చేతిలో కాగితంతో.

"చెప్పేయనా అమ్మా మరి?"

"వద్దు ఫాదర్."

ఆయన చిరునవ్వు నవ్వారు. ఆయనదీ ఈ పక్క ఊరే.

"వద్దు," అంది మార్లిస్. "వద్దు. మూడయ్యాయి, లెక్కపెట్టుకోండి."

ఫాదర్ నవ్వు ఆగిపోయింది.

"దేవుడంటే నాకేం కోపం లేదు. ఆదివారం వస్తాను, బుద్ధిగా వస్తాను. రోజూ అయిదింటికి లేవడం నా వల్ల కాదు ఫాదర్. ఏనాడూ కాలేదు. ముప్పై ఒక్కేళ్ళూ ఆవిడ కోసమే వచ్చాను. ఎలా చెప్పను? ఆ మనిషి కోటు తొడుక్కుని కూర్చుంటే ఏ నోటితో చెప్పను?" కన్నీళ్ళు ఆప్రాన్ మీద పడుతున్నాయి. "ఆవిడ పోయిన పొద్దున నాకు మొట్టమొదట ఏమనిపించిందో తెలుసా? రేపు పడుకోవచ్చు అని. ఇంకా ఒళ్ళు చల్లబడలేదు, నాకు నిద్ర గుర్తొచ్చింది. నేనూ ఒక మనిషినేనా?"

బయట హాల్లో డెలోరిస్ చెంచాతో గ్లాసు మీద కొడుతోంది, ఫాదర్ మాట్లాడతారు, అందరూ నిశ్శబ్దం అంటూ.

ఫాదర్ కదల్లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. స్టూలు లాగి మార్లిస్‌ని కూర్చోబెట్టారు.

"పోయిన శీతాకాలం మీ అత్తగారు నాతో ఒక మాట అంది. పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనంలో కాదు, కాఫీ తాగుతూ. కాబట్టి నీకు చెప్పొచ్చు."

"నా గురించా?"

"నీ గురించే. నీతో అనొద్దని మరీ మరీ చెప్పింది."

మార్లిస్ ఆప్రాన్ అంచుతో మొహం తుడుచుకుంది. "ఏమంది ఫాదర్?"

"రానంటే నీ మనసు నొచ్చుకుంటుందనే ఆవిడా రోజూ లేచేదట."