గోదాంలోని నమూనా

శుక్రవారం మధ్యాహ్నం, నమాజు వేళకు, ఆ నమూనాను ఎత్తుకుపోవాలని జ్ఞానశేఖర్ నిర్ణయించుకున్నాడు.

అది ప్లాస్టర్‌తో చేసిన చిన్న కట్టడం. ఒక మనిషి రెండు చేతులతో మోయగలిగినంత. సికింద్రాబాద్‌లో ఒక సర్కారీ కచేరీ వెనక గోదాంలో, విరిగిన కుర్చీల కింద, గోనెపట్ట కప్పుకొని పడి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గోదాం ఖాళీ చేయిస్తున్నారు. సామానంతా బయటికి వస్తుంది. అదీ వస్తుంది.

జ్ఞానశేఖర్ ఆర్కిటెక్టు. నిజాం రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది దాటింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక జాతీయ స్మారకం, దానితోపాటు మ్యూజియం కట్టాలని కొత్త ప్రభుత్వం డిజైన్లు పిలిస్తే, అతనిదే ఎంపికైంది. నీళ్లలోకి దిగే వెడల్పాటి మెట్లు, మెట్ల పైన గుండ్రటి మ్యూజియం, దాని నడుమ నుంచి లేచిన తెల్లని స్తంభం. ఆ స్తంభంలో భారతదేశంతో కలిసిన ప్రజల ఆనందం కనిపిస్తోందని పత్రికలు రాశాయి. జ్ఞానశేఖర్ కాదనలేదు.

గోదాంలోని నమూనాకూ అవే మెట్లు. అదే మ్యూజియం. అదే స్తంభం.

ఈ సంగతి అతను భార్య మేబెల్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.  విని ఆమె, ఎవరిది చూసి గీశారని అడిగింది. అతను సైకిల్ బయటికి తీశాడు.

గోదాం చూసుకునేది చాంద్‌పాషా. చెరువు పాత పటాలు చూడాలని జ్ఞానశేఖర్ చెప్పగానే స్టూలు తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేశాడు. నమాజుకు పొద్దుపోతోందని తాళాలు కూడా అతని చేతికే ఇచ్చి మసీదుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తాళాలు బల్ల మీద ఉన్నాయి. ఆర్కిటెక్టు సాబ్ లేడు.

అప్పటికి జ్ఞానశేఖర్ దుప్పటి మూటను సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని సాగర్ ఒడ్డు చేరాడు. స్మారకం కట్టబోయే చోటు అదే. అక్కడే ఒక బండ మీద నమూనాను పెట్టి, రాయితో ముక్కలుగా కొట్టి నీళ్లలోకి నెట్టాడు. అడుగున బిగించిన, పేర్లు చెక్కిన ఇత్తడి పలక మాత్రం పగల్లేదు. దాన్ని ఊడబీకి వీలైనంత దూరం విసిరాడు.

ఆ సాయంత్రమే దొంగతనం బయటపడింది. బయటపెట్టినవాడు జకర్యా. ఆ కచేరీకి పెద్ద ఇంజనీరు, డిజైన్లు ఎంపిక చేసిన కమిటీకి అధ్యక్షుడు కూడా. అంత పెద్ద అధికారి ఆ దుమ్ములోకి ఎందుకు వెళ్లాడని ఎవరూ అడగలేదు. పాత ప్లాస్టర్ బొమ్మ కోసం ఆయన ఠాణాకు స్వయంగా ఫోన్ చేయడం కూడా ఎవరికీ వింతగా తోచలేదు. చాంద్‌పాషా తమ్ముడు ఆ మధ్యే కరాచీ వెళ్లిపోయాడు. పోలీసులకు ఆ కారణం చాలింది. చాంద్‌పాషాను తీసుకుపోయారు.

ఆదివారం జ్ఞానశేఖర్, మేబెల్ చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఒకామె కూర్చొని ఉంది. చాంద్‌పాషా భార్య పీరాంబీ. మౌలాలి నుంచి నడిచి వచ్చిందట. మేబెల్ చాయ్ ఇస్తే పక్కన పెట్టింది.

“మా ఆయన ఠాణాల మీ పేరు తియ్యలే సాబ్,” అంది పీరాంబీ. “తాళాలు మీకిచ్చి పోయిన అంటే మిమ్మల్ని సుత పిలుస్తరంట. ఎంత కొట్టినా చెప్పలే. పెద్దమనిషిని పరేషాన్ చెయ్యొద్దన్నడు. మీరే జెర ఇంజనీర్ సాబ్‌కు చెప్పున్రి, మా ఆయన అసుంటోడు గాదని.”

చెబుతానని జ్ఞానశేఖర్ అన్నాడు. ఆమె వెళ్లాక మేబెల్ చల్లారిన చాయ్ లోపలికి తీసుకుపోయింది. భర్తను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే అతను ఏదో ఒకటి చెప్పి ఇంట్లోనే ఉండేవాడేమో. అడగలేదు కాబట్టి మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

దారంతా జరగబోయేదాన్ని ఊహించుకుంటూ వెళ్లాడు. స్మారకం పోతుంది. జైలు తప్పదు. ఇక ఎవరూ తనతో కోడిగూడు కూడా కట్టించుకోరు. అయినా జకర్యా బంగళా గేటు తీశాడు.

జకర్యా వరండాలో ఒక్కడే ఉన్నాడు. రెండు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు. జ్ఞానశేఖర్ కూర్చోకుండానే చెప్పేశాడు.

“నమూనా తీసింది చాంద్‌పాషా గాదు సార్. నేను.”

జకర్యా లేచి అతన్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. పోలీసులను పిలుస్తాడని జ్ఞానశేఖర్ అనుకున్నాడు.

“ఏడున్నది?”

“పలగ్గొట్టి సాగర్ల వడేసిన.”

“ఇత్తడి పలక?”

“అది సుత.”

జకర్యా కుర్చీలో వెనక్కి వాలి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత ఠాణాకు ఫోన్ చేశాడు. పాత చెత్తతోపాటు నమూనాను కూడా పారేశారని ఇప్పుడే తెలిసిందని, పొరపాటు తమదేనని, చాంద్‌పాషాను వెంటనే విడిచిపెట్టి టాంగాలో ఇంటికి పంపమని చెప్పాడు. సోమవారం నుంచి అతను పనిలోకి రావచ్చన్నాడు. ఫోన్ పెట్టేసి, జ్ఞానశేఖర్‌కు మంచినీళ్లు పోసి ఇచ్చాడు.

జ్ఞానశేఖర్ గ్లాసు పట్టుకొని నిలబడ్డాడు.

“శుక్రవారం నేను గోదాంలకు పోయింది సుత దాన్ని పలగ్గొట్టనీకే,” అన్నాడు జకర్యా. “చూస్తే లేదు. ఎవని చేతుల వడ్డదో అని పానం పోయినంత పనైంది.”

“మీకెందుకు సార్ దాంతోని?”

జకర్యా తలుపు గడియ పడిందో లేదో ఒకసారి చూసుకున్నాడు.

“ఇండియాల కలవని ఆజాద్ హైదరాబాద్‌కు యాద్‌గార్ అని రెండేండ్ల కింద నువ్వు గిదే కట్టడం గీసి పంపితే, నిజాం సర్కార్ తరఫున ఫస్ట్ ప్రైజ్ ఇచ్చింది సుత నేనే గద.”