నీళ్లు పోసే మనిషి

మొదటిరోజు వచ్చిన మనిషి పిల్లని చూడలేదు. దాని తల్లిని చూసింది.

దుర్గాంబకి అక్కడే ఒళ్లు మండింది.

నందిగామలో చంటిపిల్లలకి నీళ్లు పోసేవాళ్లు దొరక్క, ఎవరో చెప్తే జగ్గయ్యపేట నుంచి పిలిపించిన మనిషి. పేరు ప్రేమకుమారి. అరవై దాటినా పొద్దున్నే మొదటి బస్సుకి దిగేది.

బంగారంలాంటి మనవరాలు ఉయ్యాల్లో కాళ్లాడిస్తుంటే దాని వంకైనా చూడకుండా, గోడకి ఆనుకుని కూర్చున్న కూతురు మైథిలి దగ్గరికి వెళ్లి, "రాత్రి నిద్ర పట్టిందా తల్లీ?" అని అడిగింది.

మైథిలి మొహం అటు తిప్పుకుంది.

పురుడై నెల్లాళ్లయినా ఆ అమ్మాయి ఎవరికీ సరిగా బదులు చెప్పటం లేదు. పాలివ్వమంటే ఇస్తుంది. ఇచ్చి ఏడుస్తుంది. ఎందుకే అంటే తెలీదంటుంది. నేను లేకపోతేనే పాపకి మంచిదని ఒకసారి అనేసరికి, మైథిలి తండ్రి అనంతరామయ్య హడలిపోయి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇది బాలింతలకి వచ్చే జబ్బేనంది డాక్టరమ్మ. రోజుకో బిళ్ల రాసింది. పాలిస్తూ కూడా వేసుకోవచ్చంది. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, తేలిగ్గా ఉంది కదా అని మధ్యలో ఆపొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వెంట వెళ్లిన దుర్గాంబ అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చి బిళ్లల్ని అటకెక్కించింది.

బాలింత ఏది మింగినా పాలల్లోకి దిగుతుందని ఆవిడ నమ్మకం. మనసు బిళ్లలు దిగితే పసిదాని బుర్ర ఏం కాను? శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి తన చేత్తో చేసిన కాయం, రోజూ పరగడుపున ఒక్క ఉండ పెడితే ఏ దిగులైనా దిగిరావలసిందే. మైథిలి గదిలోకి గ్లాసుడు మంచినీళ్లు వెళ్లాలన్నా దుర్గాంబ చేతిమీదుగానే వెళ్లేవి.

ఒక్క స్నానాలగదిలోనే ఆవిడ పెత్తనం సాగలేదు. అక్కడ పిల్లకైనా తల్లికైనా నీళ్లు పోసేది ప్రేమకుమారే.

ప్రేమకుమారి వచ్చిన ఐదో వారానికి మైథిలి తన జడ తనే వేసుకుంది. ఆరో వారంలో పిల్లని ఎత్తుకుని గేటు దాకా వచ్చి, కూరగాయల బండివాడితో బెండకాయలు ముదిరిపోయాయని పోట్లాడింది. దుర్గాంబ ఫోను పట్టుకుని చుట్టాలందరికీ కాయం మహిమ వినిపించింది. వీరులపాడు వదినగారైతే తనకో సీసాడు పంపమంది.

ఆ వారంలోనే ప్రేమకుమారి కొంగుముడిలోంచి బిళ్లల అట్ట జారిపడింది.

అడిగితే దాచలేదు. మైథిలే డాక్టరు చీటీ తన చేతిలో పెట్టి బతిమాలిందని, జగ్గయ్యపేటలో కొని తెచ్చి రోజుకొకటి స్నానాలగదిలో ఇస్తున్నానని చెప్పేసింది.

"నా ఇంట్లో, నా కూతురికి, నా కళ్లు గప్పి పిచ్చిబిళ్లలు మింగిస్తున్నావా?"

"నేనే తెమ్మన్నానమ్మా," మైథిలి అడ్డం వచ్చింది. "అవి వేసుకున్నాకే కదా తెప్పరిల్లాను."

"నువ్వు తెప్పరిల్లింది నా కాయంతో."

ప్రేమకుమారి చేతులు జోడించింది. "నన్ను మానిపించండి అమ్మగారూ. బిళ్లలు మానిపించకండి. ఇప్పుడాపితే మళ్లీ మొదటికొస్తది."

"నీకేం తెలుసు? బాలింతని సాకిన మొహమేనా నీది?"

ప్రేమకుమారి ఏదో చెప్పబోయింది. అంతలోనే మానేసి గేటు దాటి వెళ్లిపోయింది.

తర్వాత మూడుసార్లు వచ్చింది. గేటు బయట నుంచే, అమ్మాయి బిళ్ల వేసుకుంటోందా అని అడిగింది. మూడోసారి దుర్గాంబ గేటుకి తాళం వేయించింది.

మైథిలి రెండు మూడుసార్లు బిళ్లలు అడిగింది. ఆ తర్వాత ఏదీ అడగటం మానేసింది. మళ్లీ గోడకి ఆనుకుంది.

దుర్గాంబ కాయం ఉండ సైజు పెంచింది.

బిళ్లలు ఆగిన మూడోవారం ఒక మధ్యాహ్నం మైథిలి పిల్లకి కడుపు నిండా పాలిచ్చి, తీసుకెళ్లి పక్కింటి ప్రమీలారాణి చేతిలో పెట్టి, ఇప్పుడే వస్తానంది.

రాలేదు. తన ప్రాణం తనే తీసుకుంది.

దినాలయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. పసిదాని ఒంటిమీద చెంబుడు నీళ్లు పడితే చాలు, గుక్కపట్టి ఏడుస్తోంది. నాలుగు రోజులు చూసి దుర్గాంబ, పిల్లని భుజాన వేసుకుని ప్రేమకుమారిని వెతుక్కుంటూ జగ్గయ్యపేట బస్సెక్కింది.

సందు చివర రేకుల ఇల్లు. గుమ్మంలో పాతికేళ్ల లోపు అబ్బాయి. పేరు స్టీవెన్ అన్నాడు. దుర్గాంబ ఎవరో చెప్పగానే పిల్ల వంక చూసి తల దించుకున్నాడు.

లోపల ప్రేమకుమారి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మైథిలి కబురు తెలిసిన రోజు నుంచి అంతేనట. తిండి కూడా బలవంతం మీదనట.

"ఆపితే ఏమవుతుందో ఆ రోజు నాకు గట్టిగా చెప్పుంటే వినేదాన్నేమో నాయనా," అంది దుర్గాంబ. వినేది కాదని ఆవిడకీ తెలుసు.

"ఎవరికీ చెప్పలేదండి. నాకే ఇన్నేళ్లూ చెప్పలేదు. మీరు గేటుకి తాళం వేసిన రోజున చెప్పింది."

"ఏం చెప్పింది? ఆవిడ నీకేమవుతుంది?"

స్టీవెన్ లోపలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"అమ్మమ్మండి. మా అమ్మని నేను ఫొటోలో చూడటమేనండి. నన్ను కన్నాక అమ్మకీ డాక్టరు ఇట్టాంటి బిళ్లలే రాశాడంట. నేను తాగే పాలు పాడైపోతాయని వాటిని పొయ్యిలో పడేసింది మా అమ్మమ్మేనంటండి."