అంటు తొక్కిన కలే కంప

"ఎండబెట్టిన గింజ ఏస్తే కలే మొలుస్తాదా యాడన్నా?" అంటూ తిమ్మమ్మ నడుం మీద చెయ్యి వేసుకొని నవ్వింది. పొలం మూలనున్న రాతిదిబ్బ మీద కూర్చొని హనుమాయమ్మ మట్టి కెలికి చూస్తోంది. కలే కంప గింజలు చల్లడం ఇది రెండోసారి. ఒక్క మొలకా లేదు.

కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి బళ్ళారి పక్క సిరుగుప్ప వైపు దిగిన సంసారం హనుమాయమ్మ వాళ్ళది. తిమ్మమ్మ వాళ్ళు పక్క చేను కొని నిరుడే ఇటు వచ్చారు. హనుమాయమ్మ నోరు తెరిస్తే కృష్ణ ఒడ్డునున్న తన ఊరే. అక్కడి పెరళ్ళు, అక్కడి వాక్కాయ పప్పు. ఈ కలే కంప ఆ వాక్కాయకు చెల్లెలి వరస అని, ఈ సీమలో తనకు దొరికిన చుట్టం ఇదొక్కటేనని ఒకసారి చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు పొలం చౌడు తేలింది. దసరా దాటగానే అమ్మేసి సొంతూరికి వెళ్ళిపోతున్నారు. కోరిక తీరుతున్న మనిషి సంబరపడాలి గదా! ఈమెకు మాత్రం, వెళ్ళేలోపు కలే మొక్క నిలదొక్కుకోవాలి, అదే ధ్యాస. ఊరికి ముళ్ళకంప మోసుకుపోయే పిచ్చిదాన్ని తిమ్మమ్మ ఎక్కడా చూడలేదు. అయినా జాలేసింది.

"పండు కోసిన పొద్దే గింజ నాటాల. ఇప్పుడు పండ్లు యాడుండాయి? అంటు తొక్కుదాం రా" అంది.

దిబ్బ అంచున పాత కలే పొద ఉంది. అందులో ముదిరీ ముదరని కొమ్మ ఒకటి ఎంచి, నేలకు వంచి, కణుపు కింద బెరడు గీకాలి. ఆ చోటు మట్టిలో తొక్కి, లేవకుండా రాయి పెట్టి, కొస మాత్రం బయటికి వదలాలి. తడి ఆరకూడదు, నీళ్ళు నిలవకూడదు. గట్టు వైపు నేల మెత్తన, అక్కడైతే తొందరగా వేరు పడుతుందని తిమ్మమ్మ చెప్పినా హనుమాయమ్మ వినలేదు. అవతల, ఎండుకంప పరిచిన చోటే కావాలంది. పార పట్టనివ్వలేదు. ఆ ముళ్ళన్నీ తనే ఏరి, వేళ్ళతో పైపైన మట్టి తీసింది. చేతులు గీరుకుపోయి రక్తం వచ్చింది.

"సుమ్నే ఏలమ్మా, ఊరికే చేతులు పాడు చేసుకుంటావు?" అని తిమ్మమ్మ కసురుకుంది.

అన్నిటికన్నా వింత ఆమె భర్త సుబ్బరాయుడు. పెళ్ళాం చీర అడిగితే పంట సంగతి ఎత్తే మనిషి, తెల్లారగానే కావడితో నీళ్ళు మోసుకొచ్చి అంటుకు పోసేవాడు. కోస్తా మగవాళ్ళకు పెళ్ళాలంటే ఇంత మురిపెమా అని తిమ్మమ్మ తన మొగుడు కోదండరామిని చాలా రోజులు దెప్పింది. అతను వినీ విననట్టు బీడీ ముట్టించాడు.

వానలు కనికరించాయి. దసరా నాటికి కొసన ఎర్రటి లేత చిగుళ్ళు వచ్చాయి. తిమ్మమ్మే తల్లికొమ్మను కోసి అంటును వేరుచేసింది. ఆ రోజు హనుమాయమ్మ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోందట, ఇక్కణ్ణుంచి కాలు కదలడం లేదట. ఉన్న చోట ఊరి మీద బెంగ, పోయే ముందు ఈ నేల మీద బెంగ. మనిషి మనసే అంత అని తిమ్మమ్మ సర్దిచెప్పింది.

ప్రయాణం రోజు బళ్ళారి స్టేషనుకు సామాను బండి కట్టారు. తిమ్మమ్మ తడిపిన గోనెసంచి, గడ్డపార పట్టుకొని దిబ్బ ఎక్కింది.

"వేర్లు బాగా దిగినాయమ్మా. మట్టిపెళ్ళతో తవ్వి ఇస్తా. రైల్లో తడి ఆరనీయాకు."

గడ్డపార ఎత్తిందో లేదో, బండికి మోకు బిగిస్తున్న సుబ్బరాయుడు పరుగున వచ్చాడు. అంతకుముందే హనుమాయమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"తవ్వొద్దక్కా. ఇది ఇక్కడే ఉండాలి."

"మరి ఇంత కష్టం ఏటికి పడితివి?"

హనుమాయమ్మ వంగి మొక్క మొదట్లో మట్టిని అరచేత్తో సర్దింది.

"బిడ్డను పూడ్చిన చోట ఎండుకంప ఎన్నాళ్ళుంటుందక్కా?"