బెల్టు గుంజి చూడమ్మా

షోరూము గాజుతలుపు తోయబోతున్న బెత్సీ చేతికి అడ్డంగా ఒక నల్ల గొడుగు వచ్చింది.

"గా తెల్ల వ్యాను కోసమే వచ్చిన్రా?"

గొడుగు పట్టుకున్న ముసలాయనను ఆమె భర్త ఎర్నెస్ట్ వెంటనే గుర్తుపట్టాడు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఇద్దరూ నాంపల్లి స్టేషన్ వెనక పాత బండ్లు అమ్మే చోటికి వెళ్లారు. అక్కడ ఈయనే ఒక నీలం వ్యాను చూపించాడు.

"ఆర్నెల్లకు క్లచ్ పోతది. ఎనక తలుపు గట్టిగ గుద్దితేనే పడ్తది. ఇంజను మాత్రం బంగారం," అన్నాడు.

"తన సరుకుకు తనే వంకలు చెప్పే వ్యాపారి ఉంటాడా? ఇందులో ఏదో మోసం ఉంది," అని ఎర్నెస్ట్ ఆమెను బయటికి లాక్కొచ్చాడు.

అందుకే ఈరోజు అబిడ్స్. ఇక్కడ ప్రతి పాత బండికీ నూట పది పరీక్షలు నెగ్గినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. హైదరాబాదులో అప్పుడప్పుడే వచ్చిన పద్ధతి అది. 2001 మే నెల.

ఎర్నెస్ట్ ఫ్యాక్టరీలో స్టోర్స్ క్లర్కుగా పనిచేశాడు. రసీదు లేని మేకును కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు. ఆ ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లయింది.

బెత్సీ పట్టుపట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. వీధిలో ఆరుగురు పిల్లల్ని బడికి దింపడానికి ఒప్పుకుంది. వాళ్ల తల్లులకు ఒకటే మాట చెప్పింది: "మీ పిల్లల ప్రాణానికి పూచీ నాది."

"పక్కకు జరుగు తాతా," అన్నాడు ఎర్నెస్ట్. "నీ బేరం పోయిందని ఇంతదూరం వచ్చావా?"

"నా బండి కొనకు. ఎవ్వరిదన్న కొనుక్కో. గా తెల్లది మాత్రం వద్దు."

"ఎందుకని?"

ముసలాయన బెత్సీ వైపు తిరిగాడు.

"డ్రైవర్ సీటు బెల్టు ఆఖరి దాక గుంజి చూడమ్మా. చూసినంక నీ ఇష్టం."

లోపలి నుంచి టై కట్టుకున్న సేల్స్‌మన్ పరుగున వచ్చాడు.

"మళ్ల వచ్చినవా? ఈయన నాంపల్లి బ్రోకర్ మేడమ్. రోజూ ఇదే లొల్లి."

"బ్రోకర్నే అనుకో. బెల్టు గుంజితే నీదేం పోతది?"

"పోతవా, పోలీసోళ్లను పిలవాల్నా?"

"పిలువు. గీ ఫుట్‌పాత్ గూడ మీ షోరూముదేనా?"

ముసలాయన అంగుళం కదల్లేదు. లోపల గాజుగదిలో ఉన్న యజమాని మాత్రం కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

తెల్ల వ్యాను కొత్త పెళ్లికూతురిలా ఉంది. బెత్సీ ఎక్కి కూర్చుని బెల్టు మీద చెయ్యి వేసింది.

సేల్స్‌మన్ నవ్వాడు.

"మేము చేసినవి నూట పది. నూట పదకొండోది మీరు చేస్తరా మేడమ్?"

"పరువు తీయకు బెత్సీ," అన్నాడు ఎర్నెస్ట్ గొంతు తగ్గించి. "సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. ఇంకేం కావాలి?"

ఆమె చెయ్యి తీసేసింది.

వారం తర్వాత బండి తీసుకుని బయటికి వస్తుంటే ముసలాయన ఎండలోనే నిలబడి ఉన్నాడు. ఈసారి అడ్డం రాలేదు.

"ఇందుల పిల్లలెక్కుతరా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఎర్నెస్ట్ అద్దం ఎక్కించేశాడు.

ఆగస్టులో ఒకరోజు పొద్దున, వానలో, గన్‌ఫౌండ్రీ దగ్గర స్టీరింగ్ కింద నుంచి పొగ లేచింది. హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది.

"దిగండి! సంచులు వదిలేయండి! దిగండి!"

ఆరుగురినీ ఫుట్‌పాత్ మీద నిలబెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు.

పొగ చల్లారాక, లోపలికి వంగి డ్రైవర్ సీటు బెల్టు ఆఖరి దాకా గుంజింది.

చివరి జానెడు మీద ఎండిన బురద చార. నిరుడు ఆగస్టు వరదలో నిలువునా మునిగిన బండి అది.

"షోరూముకు ఫోన్ చేశాను. గ్యారంటీ ఇంజనుకేనట, వైర్లకు కాదట," అన్నాడు ఎర్నెస్ట్ ఆ సాయంత్రం, తలెత్తకుండా.

"ఆ ముక్కకు కూడా ముద్ర వేయించుకు రాకపోయారా?"

మర్నాడు ఆమె వ్యానుకు తాడు కట్టించి అబిడ్స్‌కు లాగించుకొచ్చింది. షోరూము గేటుకు సరిగ్గా అడ్డంగా పెట్టించింది. బెల్టును కిటికీలోంచి బయటికి లాగి, బురద చార రోడ్డుకు కనబడేలా తలుపు పిడికి ముడివేసింది.

షట్టరు దించి ఉంది. వాచ్‌మన్ గబగబా వచ్చాడు.

"గీడ పెట్టొద్దమ్మా. తీయి."

"తీయను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూడాలి."

"మా సార్ తిడ్తడు."

"తిట్టమను. నన్ను తిట్టాలంటే నా ముందుకు రావాలి కదా."

ఎర్నెస్ట్ పక్క టీ కొట్టులో స్టూలు అడిగి తెచ్చి ఆమెకు వేశాడు. తను బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"సార్ ఇయ్యాల రాడమ్మా. పది దినాలు షాపు బందు."

"పారిపోయాడా?"

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"సరే. ఆ నాంపల్లి బ్రోకర్ తాత ఎక్కడుంటాడో చెప్పు. ముందు ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలి. తర్వాత మీ సార్ ఎదుట ఆయన్నే సాక్షిగా నిలబెడతాను."

వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గా తాతకు తలకొరివి పెట్టనీకే పోయిండమ్మా మా సార్, ఒక్కడే కొడుకు."