పన్నెండో నంబరు మంచం

పన్నెండో నంబరు మంచం ఇంకా ఖాళీగానే ఉంది. రాజధాని సోఫియా నుంచి రావలసిన ఆరోగ్య మంత్రిత్వశాఖ కారు మాత్రం ఆసుపత్రి గేటు ముందు ఆగనే ఆగింది.

"మీ నాన్నేడమ్మా?" కిటికీలోంచి చూస్తున్న డాక్టర్ పెన్చెవ్ గొంతు తగ్గించి కసిరాడు.

"తొమ్మిదింటికల్లా వస్తానన్నాడండీ," అంది హెడ్ నర్సు స్నెజానా. "పైజమా ఇస్త్రీ చేసుకుని బయల్దేరతానన్నాడు. రెండు వీధులు దాటి రావడానికి రెండు గంటలా! ఎవరితోనో కబుర్లలో పడుంటాడు. రానీండి, చెప్తా ఆయన పని."

వార్డులో మంచాలు ఇరవై. నిజమైన రోగులు ఆరుగురే. ప్రభుత్వం కొత్త ప్రణాళికలో, ఖాళీ మంచాలున్న వార్డును మూసేసి, డబ్బూ మిషన్లూ డెబ్బై కిలోమీటర్ల అవతలున్న జిల్లా ఆసుపత్రికి ఇచ్చేస్తారు. కిందటేడాది ప్రణాళిక ఊరి అంబులెన్సును పట్టుకుపోయింది, ఇప్పుడు గుండెజబ్బుల వార్డు వంతు. రోజూ ఇరవైకి ఇరవై నిండే ఉంటున్నాయని డాక్టరు ముందే పైకి రాసేశాడు. ఇక ఒక్క మంచం ఖాళీగా కనబడినా కొంప మునుగుతుంది.

అందుకే స్నెజానా ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు మందిని పోగుచేసింది. పదమూడు మంది తమ పైజమాలూ చెప్పులూ కప్పులూ సంచుల్లో పెట్టుకుని పొద్దున్నే వచ్చి పడుకున్నారు. పద్నాలుగో మనిషి ఆమె తండ్రి స్టామెన్. సొంతవాళ్లను పడుకోబెట్టిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని, తాను ఫలానా అని ఎవరికీ చెప్పనని ముందురోజే ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

"కొల్చో! ఇలా రా!" స్నెజానా వంటాయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "పడుకో."

"చేతినిండా పిండి ఉందమ్మా!"

"దుప్పట్లో దాచుకో. మూలుగు."

ఇన్‌స్పెక్టర్ ఇస్క్రెనోవ్ అలసిపోయిన మనిషి. మంచం మంచానికీ ఆగి టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. పన్నెండో మంచం దగ్గర స్టామెన్ కోసం రాసిపెట్టిన కాగితం చూసి కనుబొమలెత్తాడు.

"డెబ్బై ఒక్కేళ్లా?"

"ఒళ్లు కాపాడుకుంటూ వచ్చానండీ," అన్నాడు నలభై అయిదేళ్ల కొల్చో.

డాక్టరు దగ్గాడు. ఇన్‌స్పెక్టరు నవ్వీ నవ్వనట్టు నవ్వి టిక్కు పెట్టేశాడు. అంతలో బల్లమీద ఫోను మోగింది.

"అంబులెన్సు సెంటర్. మీ ఊరి కేసే, గుండెనొప్పి. మంచం ఉందా?"

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపి ఆమెనే చూస్తున్నాడు. పదమూడో మంచంలోని రిటైరైన పోస్టుమాన్ విల్కో, ఫోనులో మాట వినబడి, దుప్పటి తీసి ఒక కాలు కింద పెట్టాడు. స్నెజానా కళ్లు ఉరిమింది. ఆయన మెల్లగా కాలు పైకి లాక్కున్నాడు.

"లేదు," అంది.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు. జిల్లాకి తీసుకెళ్లండి."

ఆమె ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు.

"ఊరి రోగినే వెనక్కి పంపాల్సి వస్తోందన్నమాట. ఈ వార్డును మూయడమేంటి, ఇంకో నాలుగు మంచాలు ఇవ్వమని రాస్తాను."

కారు మలుపు తిరగగానే వార్డంతా లేచి కూర్చుంది. కొల్చో చీజు పెట్టి కాల్చిన వేడివేడి బానిత్సా రొట్టె ముక్కలు తెచ్చి పంచాడు. విల్కో సంచిలోంచి రకియా సారా సీసా బయటికొచ్చింది. స్నెజానాకు మాత్రం ముద్ద దిగలేదు.

"ఆ గుండెనొప్పి మనిషి ఎవరో పాపం," అంది.

"డెబ్బై కిలోమీటర్లేగా, తట్టుకుంటాడులే," అన్నాడు డాక్టరు, ఆమె ముఖం చూడకుండా.

స్నెజానా ఒక ముక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. తండ్రికి బానిత్సా అంటే ప్రాణం. ముందు నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత ఇవ్వాలనుకుంది.

మధ్యాహ్నం అంబులెన్సు ఒకటి గేటు దగ్గర ఆగింది. పక్క ఊరిది. అందులోంచి దిగిన నడివయసు కాంపౌండరు చేతిలో గుడ్డసంచి ఉంది.

"పొద్దున ఫోను చేశామే, ఆ పెద్దాయన దారిలోనే పోయాడు సిస్టర్. మీ గేటుకు వంద గజాల్లో పడిపోయి ఉన్నాడు. జేబులో కాగితం ముక్క లేదు. ఈ ఊరి మనిషే కదా, మీకెవరికైనా ఆనవాలు తెలుస్తుందేమోనని తెచ్చాను."

స్నెజానా సంచి తెరిచింది. న్యూస్‌పేపర్లో చుట్టిన చెప్పుల జత, అంచు విరిగిన నీలం కప్పు, ఇస్త్రీ మడత నలగని చారల పైజమా. ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

కాంపౌండరు అది గమనించలేదు, నేలచూపులు చూస్తూ చెప్పుకుపోతున్నాడు.

"ఇక్కడికే తీసుకెళ్లమని నా చెయ్యి పట్టుకుని బతిమాలాడండీ. పన్నెండో నంబరు మంచం తనకోసమే అట్టేపెట్టారట. మీరేమో లేదంటిరి, మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నాం. ఎవరు పెట్టారు తాతా అని అడిగితే మాత్రం, 'చెప్పకూడదు నాయనా, మా అమ్మాయి మీద ఒట్టేశాను' అన్నాడు."